చక్రాలున్నా కదలని ఇల్లు: అమెరికాలో మొబైల్ హోమ్‌ను ఎలా తరలిస్తారు?

మొబైల్ హోమ్ అన్న మాట వినగానే కోరుకున్నప్పుడు కోరుకున్న చోటికి తీసుకువెళ్లగల ఇల్లు మనసులో మెదులుతుంది. అమెరికాలో లక్షలాది కుటుంబాలు నివసిస్తున్న ఈ ఇళ్ల వాస్తవం అందుకు భిన్నం. కర్మాగారంలో తయారై, లారీ వెనుక ఒక్కసారి ప్రయాణించి, ఒక స్థలంలో కుదురుకున్నాక వీటిలో అత్యధికం మళ్లీ కదలవు. కాలిఫోర్నియాలోని ఎస్కాండిడో నగరానికి సంబంధించిన ఒక కేసులో 1992లో తీర్పునిస్తూ అమెరికా సుప్రీంకోర్టు ఈ పేరే కొంత తప్పుదారి పట్టించేదని వ్యాఖ్యానించింది. స్థలంలో నిలిపిన ప్రతి వంద ఇళ్లలో సుమారు ఒక్కటే మళ్లీ కదులుతుందని, తరలింపు ఖర్చు ఇంటి విలువలో గణనీయమైన భాగంగా ఉండటమే ఇందుకు కారణమని పేర్కొంది.

అయినా కదలక తప్పని సందర్భాలు వస్తాయి. ఇల్లు నిలిపిన స్థలం యజమాని భూమిని అమ్మవచ్చు. అద్దె భరించలేనంతగా పెరగవచ్చు. కుటుంబం సొంతంగా స్థలం కొనుక్కోవచ్చు. అప్పుడు ఇంటిని విప్పి, లాగి, మరో చోట నిలబెట్టడానికి ఏమేమి అవసరం? ఈ ప్రక్రియలో ఎక్కడ పొరపాటు జరిగితే ఇల్లే చేజారుతుంది? వివరాలు ఇవి.

పేరు ఒకటి, వస్తువు మరొకటి

ఈ ఇళ్ల మూలం కారు వెనుక కట్టి లాగే ట్రైలర్. తొలినాళ్లలో వీటి వెడల్పు 8 అడుగులకు మించేది కాదు. 1950ల మధ్యలో 10 అడుగుల వెడల్పు గల నమూనాలు మార్కెట్లోకి వచ్చాయి. లోపల నడవ, విడి గదులు అమరాయి గానీ, ఆ వెడల్పుతో ఇల్లు మామూలు కారు లాగగల వస్తువు కాకుండా పోయింది. దాన్ని కదపాలంటే ప్రత్యేక ట్రక్కు, ప్రభుత్వ అనుమతి కావాల్సి వచ్చాయి. ఇల్లు ఎంత విశాలమైతే దాని చలనం అంత తగ్గిందన్న మాట.

నాణ్యతపై ఫిర్యాదులు పెరగడంతో అమెరికా కాంగ్రెస్ 1974లో ఒక చట్టం చేసింది. దాని ఆధారంగా గృహ, పట్టణాభివృద్ధి శాఖ రూపొందించిన నిర్మాణ ప్రమాణాలు 1976 జూన్ 15న అమల్లోకి వచ్చాయి. ఈ శాఖను ఆంగ్ల నామం పొడి అక్షరాలతో ‘హడ్’ అని వ్యవహరిస్తారు. 1980లో ఫెడరల్ చట్టాల్లో మొబైల్ హోమ్ అన్న మాటను తొలగించి మాన్యుఫాక్చర్డ్ హోమ్ అన్న పేరు పెట్టారు. దీని ప్రకారం శాశ్వతమైన ఉక్కు చట్రంపై కర్మాగారంలోనే నిర్మితమై, నిలబెట్టాక కనీసం 320 చదరపు అడుగుల విస్తీర్ణం ఉండేవి, లేదా ప్రయాణ స్థితిలో 8 అడుగుల వెడల్పు గాని 40 అడుగుల పొడవు గాని ఉండేవి ఈ కోవలోకి వస్తాయి. విహారయాత్రలకు వాడే క్యారవాన్లు వేరు.

చట్టం పేరు మార్చినా ప్రజల నోట పాత మాటే నిలిచింది. తెలుగులో దీన్ని ‘సంచార గృహం’ అంటే అర్థం మరింత పక్కకు పోతుంది. ఇది సంచరించే ఇల్లు కాదు. రోడ్డు ప్రయాణానికి తట్టుకునేలా నిర్మించిన స్థిర నివాసం.

ముందుగా చూడాల్సింది ఇంటి జాతకం

తరలింపు ఆలోచన రాగానే ట్రక్కు బేరానికి వెళ్లడం చాలామంది చేసే తప్పు. మొదట వెతకాల్సినవి రెండు ఫలకాలు. ఒకటి ఇంటి వెలుపల, ప్రతి భాగానికీ వెనుక వైపు బిగించిన ఎర్రని లోహపు పట్టీ. ఇల్లు ఫెడరల్ ప్రమాణాల ప్రకారం తయారైందనడానికి అదే రుజువు. రెండోది లోపల అతికించే వివరాల పత్రం. వంటగది అల్మారాలో గాని, కరెంటు ప్యానెల్ దగ్గర గాని, పడకగది బట్టల అరలో గాని ఇది కనిపిస్తుంది.

ఇల్లు ఎక్కడ నిలవగలదో ఈ పత్రమే చెబుతుంది. గాలి తీవ్రతను బట్టి అమెరికాను మూడు మండలాలుగా విభజించారు. 1992 ఆగస్టులో ఆండ్రూ హరికేన్ ఫ్లోరిడాలో ఇటువంటి ఇళ్లను తుడిచిపెట్టడంతో 1994లో ఈ ప్రమాణాలను కట్టుదిట్టం చేశారు. రెండో మండలానికి గంటకు 100 మైళ్లు, అంటే సుమారు 160 కిలోమీటర్ల గాలిని, మూడో మండలానికి 110 మైళ్లు, అంటే సుమారు 177 కిలోమీటర్ల గాలిని ప్రమాణంగా తీసుకుని ఇంటిని రూపొందించాలి. ఒకటో మండలం కోసం తయారైన ఇల్లు తీరప్రాంతపు మూడో మండలానికి పనికిరాదు. మూడో మండలపు ఇంటిని ఒకటో మండలంలో నిస్సంకోచంగా నిలపవచ్చు.

పైకప్పు భారానికీ ఇదే సూత్రం. దక్షిణ ప్రాంతంలో చదరపు అడుగుకు 20 పౌండ్లు, మధ్య ప్రాంతంలో 30, ఉత్తర ప్రాంతంలో 40 పౌండ్ల మంచు భారాన్ని కప్పు మోయాలి. దక్షిణాది వాతావరణం కోసం కట్టిన ఇంటిని మంచు కురిసే ఉత్తరాదికి తరలిస్తే తొలి శీతాకాలంలోనే కప్పు కుంగే ప్రమాదం ఉంది. చలి తీవ్రతకు సంబంధించిన మండలాలు వీటికి అదనం.

1976 జూన్ 15కు ముందు తయారైన ఇళ్ల పరిస్థితి ఇంకా క్లిష్టం. వాటికి ఎర్ర పట్టీ ఉండదు. అలాంటి ఇంటిని కొత్తగా నిలపడానికి అనేక స్థానిక ప్రభుత్వాలు, ఇళ్ల పార్కులు అంగీకరించవు. పాత చోట ఉన్నంతకాలం దానికి ఇబ్బంది ఉండకపోవచ్చు. ఒక్కసారి కదిలిస్తే దిగడానికి చోటు దొరకదు.

నేల సిద్ధమయ్యాకే ఇల్లు కదలాలి

కొత్త స్థలం పని పూర్తయ్యాకే పాత చోట విప్పడం మొదలుపెట్టాలన్నది ఈ వృత్తిలో మొదటి సూత్రం. ఆ స్థలంలో ఇటువంటి ఇంటిని అనుమతిస్తారా అన్నది స్థానిక భూవినియోగ నిబంధనల్లో చూడాలి. అది వరద ముంపు ప్రాంతమా, సెప్టిక్ ట్యాంకుకు నేల అనుకూలమా, నీరు, కరెంటు ఎంత దూరం నుంచి తేవాలి అన్నవి తర్వాతి ప్రశ్నలు.

ఇంటిని తొలిసారి నిలపడానికి 2008లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ ప్రమాణాలు ఉన్నాయి. రెండోసారి తరలించిన ఇళ్లకు ఆయా రాష్ట్రాల నిబంధనలే వర్తిస్తాయి. అయినా నేల తయారీకి ఫెడరల్ ప్రమాణాలు మంచి మార్గదర్శి. ఇంటి కింది గడ్డీ గాదం, చెట్ల వేళ్లు పూర్తిగా తొలగించాలి. అవి కుళ్లితే నేల కుంగుతుంది. ఇంటి చుట్టూ మొదటి 10 అడుగుల మేర, అడుగుకు అర అంగుళం చొప్పున నేల వాలుగా ఉండాలి. వాన నీరు ఇంటి కిందికి చేరకుండా కాపాడేది ఈ వాలే. నేలపై మందపాటి పాలిథిన్ పరచాలి. నేలలోని తేమ అడుగు పలకలకు ఎక్కకుండా అది అడ్డుపడుతుంది. ఉక్కు చట్రం అడుగు భాగానికీ నేలకూ మధ్య కనీసం 12 అంగుళాల ఎడం ఉండాలి.

ఇంటి బరువును మోసేది వరుసలుగా పేర్చిన కాంక్రీటు దిమ్మెల స్తంభాలు. 36 అంగుళాల ఎత్తు వరకు ఒంటి వరుస సరిపోతుంది. అంతకు మించితే రెండేసి దిమ్మెలను అడ్డదిడ్డంగా పెనవేసి పేర్చాలి. ఎత్తు 67 అంగుళాలు దాటితే ఇంజినీరు రూపకల్పన తప్పనిసరి. చలి ప్రాంతాల్లో స్తంభాల పునాది నేల గడ్డకట్టే లోతుకు దిగువన ఉండాలి. లేకపోతే గడ్డకట్టిన నేల ఉబ్బి ఇంటిని ఎగదోస్తుంది.

దారి విషయమూ ఇక్కడే తేలాలి. 70 అడుగుల ఇల్లు ఇరుకు సందులో మలుపు తిరగదు. స్థలం ముఖద్వారం వెడల్పు, కల్వర్టు బలం, వేలాడే కొమ్మలు, తీగలు ముందే కొలిచి చూసుకోవాలి.

కాగితాల ప్రయాణం

ఈ ఇంటికి చాలా రాష్ట్రాల్లో వాహనానికి ఉన్నట్టే యాజమాన్య పత్రం ఉంటుంది. భూమితో ముడిపెట్టి స్థిరాస్తిగా నమోదు చేయించుకున్నవారు తరలింపునకు ముందు ఆ నమోదును సరిచేయించుకోవాలి. ఇంటిపై రుణం ఉంటే రుణదాత అనుమతి కావాలి. ఆస్తి పన్ను బకాయి లేదని తేలితే గాని అనేక చోట్ల ఇంటిని రోడ్డెక్కనివ్వరు. ఉత్తర కరోలినాలో ఇందుకోసం కౌంటీ పన్ను అధికారి నుంచి ప్రత్యేక అనుమతి పత్రం తీసుకోవాలి.

రోడ్డు అనుమతి వేరే. అమెరికా జాతీయ రహదారులపై వాహనం సాధారణ గరిష్ఠ వెడల్పు 8.5 అడుగులు. ఒంటి భాగం ఇల్లు సాధారణంగా 14 నుంచి 18 అడుగుల వెడల్పు ఉంటుంది. కాబట్టి ప్రతి ప్రయాణానికీ అధిక పరిమాణపు సరుకు కింద పర్మిట్ తీసుకోవాలి. రాష్ట్రం మారితే పర్మిట్ కూడా మారుతుంది. వెళ్లాల్సిన దారి అందులోనే రాసి ఉంటుంది. దగ్గరి దారి ఉంది కదా అని పక్కకు తిరగడానికి వీల్లేదు. పాత చోట తొలగింపునకు, కొత్త చోట స్థాపనకు స్థానిక అనుమతులు వీటికి అదనం.

బీమా గురించి చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. ఇంటి సాధారణ బీమా రోడ్డుపై జరిగే నష్టానికి తరచూ వర్తించదు. ప్రయాణ కాలానికి ప్రత్యేక రక్షణ తీసుకోవాలి. తరలించే సంస్థకు లైసెన్సు, సరుకు బీమా ఉన్నాయో లేదో చూసి, ధరలో ఏ పనులు కలిశాయో రాతపూర్వకంగా తీసుకోవడం అవసరం. లాగడం ఒక పని. నిలపడం మరొకటి. కరెంటు, నీరు కలపడం ఇంకొకటి. మూడూ కలిసే ఉన్నాయనుకుని మోసపోయేవారు తక్కువేమీ కాదు.

ఇంటిని విప్పడం

కరెంటును లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ చేత, గ్యాస్‌ను అర్హత గల సాంకేతిక నిపుణుడి చేత తొలగించాలి. నీటి గొట్టాలు, గీజరు పూర్తిగా ఖాళీ చేయాలి. బయట అమర్చిన ఏసీ యంత్రం, మెట్లు, వరండా, డిష్ యాంటెన్నా తీసేయాలి. ఇంటి అడుగు చుట్టూ కప్పిన స్కర్టింగ్ పలకలను విప్పాక గాని చట్రం అసలు స్థితి కనబడదు. తుప్పు, వంగిన దూలాలు, చీలిన వెల్డింగ్ ఏవైనా ఉంటే అక్కడే బాగుచేయాలి.

చక్రాల సంగతి తరచూ ఆశ్చర్యం కలిగిస్తుంది. తొలి ప్రయాణం ముగిశాక టైర్లు, ఇరుసులు, ముందు కొక్కెం విప్పి తీసుకుపోవడం మామూలే. అప్పుడు వాటిని కొత్తగా తెచ్చి బిగించాలి. ఉన్నవి ఉన్నా ఏళ్ల తరబడి కదలని టైర్లను నమ్మడానికి లేదు. బేరింగులు, బ్రేకులు, లైట్లు అన్నీ పరీక్షించాలి.

లోపల సామాను ఎంత తగ్గిస్తే అంత మంచిది. ఇంటి ఇరుసులు ఇంటి బరువుకే లెక్కగట్టినవి. పుస్తకాలు, పరుపులు, ఫ్రిజ్ నింపి పంపితే టైర్లు పేలుతాయి, చట్రం వంగుతుంది. ఉంచక తప్పని వస్తువులను నేలపై, ఇరుసుల మీదుగా సమంగా సర్దాలి. అల్మారాల తలుపులు కట్టేయాలి. అద్దాలు, గోడ పటాలు తీసేయాలి. కిటికీలు, తలుపులు ప్రయాణంలో తెరుచుకోకుండా బిగించాలి. ఆఖరున నేలకు కట్టిపడేసిన ఉక్కు పట్టీలను విప్పి, జాకీలతో ఇంటిని కొద్దికొద్దిగా లేపి, దిమ్మెలు తొలగించి చక్రాలపై దించుతారు.

రెండు భాగాల ఇంటికి మరో ఘట్టం ఉంది. రెండు సగాలు కలిసే అతుకును అమెరికన్ పనివారు ‘మ్యారేజ్ లైన్’ అంటారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మన సామెత రెండు సగాలూ ఇక్కడ ఒక్కచోట చేరాయి. విడదీసే ముందు కప్పు, నేల, గోడల బోల్టులు తీసి, మధ్యలోని తీగలను, గొట్టాలను విడగొట్టాలి. విడదీశాక ఒక పక్క గోడలేని ప్రతి సగాన్నీ మందపాటి ప్లాస్టిక్ తెరతో కప్పి చెక్క పట్టీలతో బిగించాలి. ఆ తెర చిరిగి వాన పడితే ఇన్సులేషన్, నేల పలకలు రెండూ పాడవుతాయి.

రోడ్డు మీద

లాగడానికి టోటర్ అనే పొట్టి, బలమైన ట్రక్కును వాడతారు. ముందూ వెనుకా అధిక పరిమాణపు సరుకు అని తెలిపే బోర్డు, ఎర్ర జెండాలు ఉంటాయి. వెడల్పును బట్టి ముందు గాని, వెనుక గాని, రెండు వైపులా గాని పైలట్ వాహనాలు నడవాలి. ఈ నియమం రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. సాధారణంగా పగటి వెలుగులోనే ప్రయాణానికి అనుమతిస్తారు. సెలవు రోజుల్లో, పెద్ద నగరాల్లో రద్దీ వేళల్లో ఆంక్షలు ఉంటాయి. గాలి వీచినా, వాన పడినా, మంచు కురిసినా బండి ఆపాల్సిందే. ఎత్తయిన చదును గోడలున్న ఇల్లు రోడ్డుపై తెరచాపలా గాలిని పట్టుకుంటుంది. అందుకే తేదీ ముందుగా ఖరారైనా రెండు మూడు రోజుల వెసులుబాటు ఉంచుకోవాలి. ఆ రోజుల్లో కుటుంబం ఎక్కడ ఉంటుందన్నది కూడా ఖర్చులో భాగమే. కదులుతున్న ఇంట్లో మనుషులు ఉండకూడదు.

మళ్లీ నిలబెట్టడం

ఇల్లు చేరడంతో పని సగమే అయినట్టు. దిమ్మెలపై ఎత్తి, రసమట్టంతో సమతలానికి తేవడం అన్నింటికంటే ఓపిక కావాల్సిన పని. తలుపు మూసుకోకపోయినా, కిటికీ బిగుసుకున్నా, గోడ మూల పగులిచ్చినా మట్టం తప్పిందని అర్థం. రెండు భాగాల ఇంటిలో అతుకు పొడవునా మెత్తని పట్టీ వేసి, కప్పు కొన మూసి, బోల్టులు బిగించాలి.

తర్వాత నేలలోకి ఉక్కు యాంకర్లు దింపి, పట్టీలతో చట్రాన్ని కట్టాలి. ఫెడరల్ ప్రమాణం ప్రకారం ఒక్కో యాంకర్ కనీసం 3,150 పౌండ్ల, అంటే సుమారు 1,430 కిలోల లాగుడును తట్టుకోవాలి. ఇవి ఇంటిని నేలకు అదిమి ఉంచడానికి కాదు, తుపాను గాలికి ఎగరకుండా, జరగకుండా ఆపడానికి. కంటికి కనిపించని ఈ పనిని ఎగ్గొట్టిన ఇల్లు మొదటి పెద్ద గాలికే దొరికిపోతుంది.

కరెంటు కలపడంలో ఒక ప్రత్యేకత ఉంది. ఈ ఇళ్లకు నాలుగు తీగల సరఫరా కావాలి. ఇంటి ప్యానెల్‌లో న్యూట్రల్, ఎర్త్ తీగలు ఒకదానికొకటి తగలకుండా విడిగా ఉండాలి. ఇది తెలియని మేస్త్రి రెండింటినీ కలిపేస్తే ఉక్కు చట్రంలోకే విద్యుత్తు పాకే ప్రమాదం ఉంది. గ్యాస్, నీరు, మురుగు గొట్టాలకు లీకు పరీక్ష చేయాలి. ప్రయాణంలో చిరిగిన అడుగు పొరను అతికించాలి. స్కర్టింగ్‌కు గాలి రంధ్రాలు ఉంచాలి. బట్టలు ఆరబెట్టే యంత్రం వేడి గాలిని ఇంటి కిందికి కాకుండా బయటికి పంపాలి. స్థానిక తనిఖీ అధికారి ఆమోదించాకే ప్రవేశం.

నేల ఎవరిదన్నదే అసలు ప్రశ్న

ఖర్చు దూరం, పరిమాణం, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఒంటి భాగం ఇంటిని కొద్ది దూరం తీసుకెళ్లి నిలపడానికే కొన్ని వేల డాలర్లు అవుతాయి. రెండు భాగాల ఇంటికి 10 వేల డాలర్లు దాటడం సాధారణం. ఇళ్ల పార్కుల్లో స్థలాన్ని అద్దెకు తీసుకుని సొంత ఇంటిలో ఉండేవారిలో చాలామంది తక్కువ ఆదాయ కుటుంబాలు, వృద్ధులు. భూమి యజమాని అద్దె పెంచినా, పార్కును మూసివేసినా వారి ముందున్నవి మూడే దారులు: పెరిగిన అద్దె కట్టడం, అప్పు చేసి ఇంటిని తరలించడం, లేదా ఇంటిని వదిలి వెళ్లడం. ఇల్లు వారిదే, నిలిచే హక్కు మాత్రం వారిది కాదు.

కొన్ని రాష్ట్రాలు దీనికి పరిష్కారాలు వెతికాయి. పార్కు భూమి వినియోగం మారుతున్నప్పుడు నివాసులకు కనీసం 6 నెలల ముందు నోటీసు ఇవ్వాలని ఫ్లోరిడా చట్టం చెబుతోంది. ఫ్లోరిడా, మినెసోటాల్లో తరలింపు ఖర్చులో కొంత భరించే ప్రత్యేక నిధులు ఉన్నాయి. న్యూ హాంప్‌షైర్ వేరే మార్గం చూపింది. అక్కడ పార్కును అమ్మదలచిన యజమాని నివాసులకు 60 రోజుల ముందు తెలియజేయాలి. ఆ గడువులో వారు సహకార సంఘంగా ఏర్పడి తామే కొనేందుకు ముందుకు రావచ్చు. 1984లో మెరెడిత్ అనే పట్టణంలోని నివాసులు స్థానిక రుణ నిధి తోడ్పాటుతో ఇలా తమ పార్కును కొనుక్కున్నారు. ఈ పద్ధతిని ఇతర రాష్ట్రాలకు విస్తరించేందుకు 2008లో రాక్ యూఎస్ఏ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది.

మన నగరాల్లో రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లంలో పడినప్పుడు జాకీలతో పైకెత్తించుకునే కుటుంబాలు ఉన్నాయి. అక్కడ నేల వారిదే కాబట్టి ఇల్లు ఉన్నచోటే లేస్తుంది. అమెరికా మొబైల్ హోమ్ కథ దానికి తలకిందులు. ఇంటి కింద చక్రాలకు చోటుంది, కాళ్ల కింద నేల లేదు. అందుకే తరలింపునకు సిద్ధమయ్యే కుటుంబం ట్రక్కు ధర అడిగే ముందు మూడింటికి జవాబు రాసుకోవాలి. ఇంటి వివరాల పత్రం కొత్త చోటికి సరిపోతుందా? అక్కడి అధికారులు ఈ ఇంటిని రానిస్తారా? ఆ నేలపై ఎంతకాలం ఉండనిస్తారన్నది రాతలో ఉందా? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే ఇంత శ్రమా, ఇంత ఖర్చూ మరో తరలింపునకు ముందు కొన్నాళ్ల మజిలీ మాత్రమే అవుతుంది. రెండోసారి కదిలేందుకు ఇంటికి గాని, ఇంటివారికి గాని ఓపిక మిగలకపోవచ్చు.